మూడు మిల్లీమీటర్ల లెక్క: పడవ వెనుక పలకకు ఎకో సౌండర్ బిగింపు

రేవులో కట్టేసిన పడవలో, కింద నీటి లోతు చూపే ఎకో సౌండర్ ఆన్ చేస్తే తెర మీద అంకె నిలకడగా ఉంటుంది. 2.8 మీటర్లు. తాడు విప్పి నెమ్మదిగా కదిలినా అదే తీరు. మోటారు గట్టిగా అందుకుని పడవ ముక్కు పైకి లేచేసరికి అంకె మినుకుమనడం మొదలవుతుంది. నేలను చూపించే గీత ముక్కలవుతుంది. తెర నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు పడతాయి. వేగం తగ్గిస్తే మళ్లీ అంతా మామూలే. చిన్న పడవలకు ఈ పరికరం పెట్టుకున్నవారి నోట తరచుగా వినిపించే ఫిర్యాదు ఇదే. కొందరు సెట్టింగులన్నీ మార్చి చూస్తారు. కొందరు మెషీన్ బాగోలేదని తేల్చేసి ఇంకా ఖరీదైనది కొంటారు. కొత్తదాన్ని కూడా పాత చోటే బిగిస్తారు కాబట్టి ఫిర్యాదు కూడా వెంటే వస్తుంది.

ఇలాంటప్పుడు వెతకాల్సింది తెరలో కాదు, పడవ వెనుక మోటారు తగిలించే నిలువు పలక దగ్గర. దాన్ని ట్రాన్సమ్ అంటారు. ఆ పలక కింది అంచున, నీటిలో మునిగి ఉండేలా బిగించే అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ ముక్కే ట్రాన్స్‌డ్యూసర్. లోతును కొలిచేది అదే. తెర అది చెప్పింది చూపిస్తుంది, అంతే. అది ఏ పక్కన ఉంది, ఎంత కిందికి ఉంది, ఏ వాలులో ఉంది అన్న మూడు విషయాల మీదే మొత్తం పనితనం ఆధారపడి ఉంటుంది. పరికరం ధర మీద పెట్టే ఆలోచనలో సగం ఈ మూడింటి మీద పెట్టినా ఆ ఫిర్యాదుల్లో చాలావరకు పుట్టవు.

ఈ ముక్క లోపల ఒక పింగాణీ బిళ్ల ఉంటుంది. కరెంటు పెడితే అది సాగి ముడుచుకుంటుంది, నొక్కితే కరెంటు పుట్టిస్తుంది. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ 1880లో కనిపెట్టారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో పాల్ లాంజెవిన్ ఆ గుణాన్నే వాడుకుని జలాంతర్గాముల జాడ పట్టే పనికి నీటిలోకి శబ్దాన్ని పంపి ప్రతిధ్వనిని విన్నాడు. జపాన్‌లో ఫురునో సంస్థ 1948లో దీన్ని చేపల జాడ చూపే యంత్రంగా మార్చి అమ్మకానికి తెచ్చింది. ఇవాళ చిన్న పడవల్లో వాడే బిళ్లలు ఎక్కువగా 200 కిలోహెర్ట్జ్ దగ్గరో 50 కిలోహెర్ట్జ్ దగ్గరో కంపిస్తాయి. రెండూ మన చెవికి అందవు.

లెక్క సులువే. సముద్రపు నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. నేల 30 మీటర్ల కింద ఉంటే శబ్దం వెళ్లి రావడానికి 60 మీటర్ల ప్రయాణం, అంటే సెకనులో 25వ వంతు. పరికరం ఆ వ్యవధిని కొలిచి, దూరం కట్టి, సగం చేసి చూపిస్తుంది. ఇందులో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు. చిక్కంతా బిళ్ల ముఖానికి, నీటికి మధ్య గాలి చేరినప్పుడే వస్తుంది.

గాలి అంత పెద్ద అడ్డంకి ఎలా అవుతుందో స్కానింగ్ గదిలోకి వెళ్లినవారందరూ చూసే ఉంటారు. గర్భిణి పొట్ట మీద డాక్టర్ ముందు చల్లని జెల్ రాసి, ఆ తర్వాతే ప్రోబ్ ఆనిస్తారు. చర్మానికీ ప్రోబ్‌కూ మధ్య పల్చటి గాలిపొర మిగిలినా లోపలి బొమ్మ రాదు, అందుకే ఆ జెల్. శబ్దం సాగే విషయంలో నీటికీ గాలికీ పొత్తు కుదరదు. శబ్దానికి నీరు ఇచ్చే నిరోధం గాలి ఇచ్చేదానికి సుమారు 3,600 రెట్లు. రెండూ కలిసే చోటికి వచ్చిన శబ్దశక్తిలో 99.9 శాతం వెనక్కి తిరిగిపోతుంది. దాటేది వెయ్యిలో ఒక వంతు. ప్రతిధ్వని వచ్చేటప్పుడు కూడా అదే గోడ దాటాలి. అందుకే ట్రాన్స్‌డ్యూసర్ ముఖం కింద నురగ పారుతుంటే యంత్రం గుడ్డిదవుతుంది. ఎంత వాట్ల శక్తి ఉన్నదైనా సరే.

ఇక ఆ నురగ ఎక్కడ పుడుతుందో చూడాలి. నడుస్తున్న పడవలో వెనుక కూర్చుని, ట్రాన్సమ్ అంచు దాటి వచ్చే నీటిని కాసేపు గమనిస్తే సగం పని తెలిసిపోతుంది. ఒక చోట నీరు గాజుపలకలా నున్నగా, రంగు మారకుండా జారిపోతుంటుంది. పక్కనే జానెడు దూరంలో తెల్లని చార. ఆ చార వెంట ముందుకు చూస్తే పడవ అడుగున ఏదో ఒకటి ఉంటుంది: పొడవునా సాగే పట్టీ, అతుకు వేసిన చోటు, నీరు బయటికి తోడే పైపు నోరు, అల్యూమినియం పడవైతే రివెట్ల వరస. ముక్కు కెరటాన్ని కోసినప్పుడు అడుగున చిక్కుకున్న గాలి ఈ పట్టీల వెంటే వెనక్కి వస్తుంది. నీరు నున్నగా జారే చోటే ట్రాన్స్‌డ్యూసర్ చోటు. తెల్లచార ఉన్న చోటు ఎంత అందుబాటుగా ఉన్నా, కేబుల్‌కు ఎంత దగ్గరైనా, పనికిరాదు.

దీనికి ముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటి ఉంది: ఈ పడవకు ట్రాన్సమ్ బిగింపు సరిపోతుందా? విశాఖ, కాకినాడ హార్బర్లలో కనిపించే మరబోట్లలో ఇంజను లోపలే ఉంటుంది. షాఫ్టు అడుగు నుంచి వెనక్కి వస్తుంది. ప్రొపెల్లర్ తిరిగేది వెనుక భాగానికి ముందు, పడవ కిందనే. అది చిలికిన నీరంతా వెనుక అంచు మీదుగా పోతుంది కాబట్టి అక్కడ ట్రాన్స్‌డ్యూసర్ పెడితే ఎప్పుడూ నురగలోనే ఉంటుంది. అలాంటి బోట్లకు ప్రొపెల్లర్‌కు బాగా ముందు, అడుగుకు రంధ్రం చేసి బిగించే రకమే తగినది. వెనుక పలకకు బయట మోటారు తగిలించే ఫైబర్ బోట్ల సంగతి వేరు. వాటిలో ప్రొపెల్లర్ పలకకు వెనుక తిరుగుతుంది, పలక అంచుకు నీరు అంతకుముందే చేరుతుంది. ట్రాన్సమ్ బిగింపు పుట్టిందే ఈ తరహా పడవల కోసం.

ఒకే మోటారు ఉన్న పడవలో కుడి పక్కా, ఎడమ పక్కా? తయారీదారుల సూచనలు ఎక్కువగా కుడి పక్కనే చెబుతాయి. ఆ మాట వెనుక కారణం తెలిస్తేనే ఉపయోగం. చాలా మోటార్ల ప్రొపెల్లర్ వెనుక నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కున తిరుగుతుంది. అంటే కుడి పక్కన రెక్కలు కిందికి దిగుతాయి, ఎడమ పక్కన పైకి లేస్తాయి. పైకి లేచే రెక్క తనతో పాటు చిలికిన నీటినీ బుడగలనూ పలక అంచు వైపు ఎత్తిపోస్తుంది. కిందికి దిగే వైపు నీరు కాస్త ప్రశాంతంగా ఉంటుంది. కాబట్టి రెక్కలు దిగే పక్కనే బిగించాలి. మోటారు అపసవ్యంగా తిరిగే రకమైతే ఎడమ పక్కే సరైనది. జంట మోటార్లుంటే రెండింటి మధ్య.

ప్రొపెల్లర్‌కు మరీ దగ్గర కూడా కాకూడదు. మోటారు పూర్తిగా పక్కకు తిప్పినప్పుడు ప్రొపెల్లర్ ఎంతవరకు వస్తుందో ఆ వంపు దాటి కనీసం 75 మిల్లీమీటర్ల ఎడం ఉండాలని సాధారణ సూచన. చోటుంటే ఇంకా ఎక్కువే మేలు. అలాగని పలక చివరికి నెట్టేస్తే ఇంకో చిక్కు వస్తుంది. మలుపులో పడవ ఒరిగినప్పుడు, పక్క కెరటం తగిలినప్పుడు మొదట నీటిపైకి లేచేది ఆ చివరే. అడుగు వి ఆకారంలో ఉన్న పడవల్లో ఇది మరీ స్పష్టం. ప్రొపెల్లర్ నురగ తగలనంత దూరం, ఒరిగినా నీరు వదలనంత దగ్గర. ఈ రెంటి మధ్య మిగిలే జాగా చాలా పడవల్లో మూరెడుకు మించదు. అందులోంచి పట్టీల వెనుక పడే తెల్లచారలు తీసేస్తే మిగిలేది రెండు మూడు బెత్తెలు.

ఎత్తు దగ్గరే ఎక్కువమంది పొరపాటు పడతారు. ఫైబర్ పడవకు ట్రాన్స్‌డ్యూసర్ కింది ముఖం పడవ అడుగు గీత కన్నా 3 మిల్లీమీటర్లు కిందికి ఉంటే చాలు. అల్యూమినియం పడవకు 9 మిల్లీమీటర్లు. అక్కడ రివెట్లు, మడతలు అడుగు నీటిని ఎక్కువ కలవరపెడతాయి కాబట్టి ఇంకాస్త దిగాలి. తయారీదారుల కాగితాల్లో తరచూ కనిపించే అంకెలివి. మూడు మిల్లీమీటర్లంటే రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. చాలామందికి ఇది నమ్మబుద్ధి కాదు. నీటిలో బాగా మునిగితే ఇంకా బాగా చూస్తుందనుకుని మూడు నాలుగు వేళ్ల కిందికి దించేస్తారు. అప్పుడు ఆ ముక్కే నీటికి ఎదురొడ్డుతుంది. దాని ముందు అంచున నీరు చీలి, వెనుక నెమలి పింఛంలా చిమ్ముతుంది. దాని ముఖం మీదే సుడులు పుడతాయి. గాలి కోసం వెతుక్కుంటూ పోనక్కర్లేదు, బిగింపే గాలిని పుట్టిస్తుంది. పైగా ఆ పింఛం మోటారు మీద పడుతుంది, పడవ వేగం తగ్గుతుంది, తేలివచ్చిన దుంగ తగిలితే బ్రాకెట్ విరుగుతుంది. అడుగు గీత కన్నా పైకి ఉంటే ఫలితం ఇంకా ఘోరం. వేగం పెరిగినప్పుడు నీరు పలక అంచు దగ్గర తెగి నేరుగా వెనక్కి పోతుంది, పలకను అంటుకుని పైకి రాదు. ముఖం ఆ నీటికి పైన ఉంటే గాల్లో ఉన్నట్టే.

ఈ కొలత కంటితో తీసేది కాదు. పడవను గట్టు మీద ఎత్తిపెట్టి, పొడవాటి స్టీలు స్కేలును అడుగుకు ఆనించి వెనక్కి సాచాలి. స్కేలు అంచు కింద ట్రాన్స్‌డ్యూసర్ ముఖం ఎంత దిగిందో చూడాలి. చూడాల్సింది ట్రాన్స్‌డ్యూసర్ ఉన్న ఆ గీత మీదే. వి ఆకారపు అడుగులో మధ్య గీతకూ అరచేయి పక్కకు జరిగిన చోటుకూ తేడా ఉంటుంది.

మూడోది వాలు. పడవ పని చేసే భంగిమలో ట్రాన్స్‌డ్యూసర్ ముఖం నీటిమట్టానికి సమాంతరంగా ఉండాలి. ట్రాన్సమ్ పలక నిటారుగా ఉండదు, వెనక్కి కొంత వాలి ఉంటుంది. అందుకే బ్రాకెట్లకు సర్దుబాటు మరలు ఉంటాయి, కొన్నిటికి వాలు సరిచేయడానికి కింద పెట్టే చిన్న ముక్కలు కూడా వస్తాయి. ముందు అంచు వెంట్రుకవాసి పైకి, వెనుక అంచు కిందికి ఉంటే నీరు ముఖానికి ఒత్తుకుని పారుతుంది. ముందు అంచు కిందికి వాలితే ముఖం వెనుక ఖాళీ ఏర్పడి బుడగలు నిలుస్తాయి.

ఇక్కడ మన తీరపు పడవలకు ప్రత్యేకమైన సంగతి ఒకటి ఉంది. ఖాళీ పడవ తేలే తీరు వేరు, వలలూ మంచూ చేపలూ నిండిన పడవ తేలే తీరు వేరు. మనుషులంతా వెనుకే కూర్చుంటే ముక్కు ఇంకా లేస్తుంది. గట్టు మీద స్పిరిట్ లెవెల్ పెట్టి సరిచేసిన వాలు నీటిలో అలాగే ఉండదు. చేపల కోసం వెతికే సమయంలో పడవ ఎంత బరువుతో, ఎంత వేగంతో పోతుందో ఆ భంగిమకే వాలు సరిచేయాలి. పరుగు తీసే వేగానికి సరిచేసి లాభం లేదు.

వాలు తప్పితే ఏం నష్టం? శబ్దం సన్నని దారంలా పోదు, గోపురంలా విచ్చుకుంటూ పోతుంది. 200 కిలోహెర్ట్జ్ దగ్గర సాధారణ ట్రాన్స్‌డ్యూసర్ గోపురం 20 డిగ్రీలనుకుంటే, అది చూసే నేల వెడల్పు లోతులో సుమారు మూడో వంతు. 5 మీటర్ల లోతున 1.8 మీటర్లు, 30 మీటర్ల లోతున పదిన్నర మీటర్లు. 50 కిలోహెర్ట్జ్ దగ్గర గోపురం దీనికి రెట్టింపు పైనే విచ్చుకుంటుంది, లోతుకూ ఎక్కువ పోతుంది. అయితే సన్నని వివరాలు కలిసిపోతాయి. ఇప్పుడు ముఖం 10 డిగ్రీలు వెనక్కి వాలిందనుకుందాం. 30 మీటర్ల లోతున గోపురం నడిమధ్య అయిదు మీటర్లకు పైగా వెనక్కి జరిగిపోతుంది. తెర మీద కనిపించేది పడవ కింద ఉన్నది కాదు, పడవ దాటి వచ్చేసినది.

చేపల గుర్తులో కూడా ఇది తెలిసిపోతుంది. తెర మీద చేప విల్లులా కనిపించడానికి కారణం ఈ గోపురమే. 20 మీటర్ల లోతున ఉన్న చేప గోపురం అంచులో ఉన్నప్పుడు ఏటవాలు దూరం 20.3 మీటర్లు. సరిగ్గా కిందికి వచ్చినప్పుడు 20. మళ్లీ అవతలి అంచు దాటేటప్పుడు 20.3. ఆ 30 సెంటీమీటర్ల తేడానే విల్లు వంపు. ముఖం సమంగా ఉంటే విల్లు రెండు కొమ్మలూ సమానంగా వస్తాయి. ఎప్పుడు చూసినా ఒక కొమ్మే పొడుగ్గా, రెండోది తెగిపోయి వస్తుంటే చేప ఈదే తీరును అనుమానించక్కర్లేదు. బ్రాకెట్ మర వదులు చేసి ముఖాన్ని ఒక డిగ్రీ అటో ఇటో జరిపి చూడాలి.

ఈ మూడూ కాగితం మీద తేలిన తర్వాత కూడా డ్రిల్లు పట్టుకోకూడదు. పలకకు పెట్టిన రంధ్రాన్ని వెనక్కి తీసుకోలేం. మంచి అలవాటు ఒకటుంది. ట్రాన్స్‌డ్యూసర్‌ను ముందుగా ఒక చెక్కపట్టీ చివర బిగించి, ఆ పట్టీని సి క్లాంపులతో పలకకు గట్టిగా బిగించి నీటిలోకి వెళ్లడం. ప్రొపెల్లర్ పక్కనే వేలాడేది కాబట్టి పట్టీకి విడిగా తాడు కూడా కట్టాలి. పడవను నెమ్మదిగా మొదలుపెట్టి మెట్లుమెట్లుగా వేగం పెంచాలి. ఏ వేగం దగ్గర గీత తెగుతోందో రాసుకోవాలి. పట్టీని రెండు వేళ్లు పక్కకు జరిపి మళ్లీ వెళ్లాలి. ఒక పూట పడుతుంది. ఆ ఒక్క పూట విసుగు పడలేక నేరుగా మరలు దింపినవాళ్లే తర్వాత పలక నిండా పూడ్చిన రంధ్రాలతో తిరుగుతుంటారు.

ఆ పూట చేసే పరీక్షలో మరో ముఖ్యమైన మెట్టు ఉంది. తెర మీద చుక్కలన్నీ నురగ వల్లే రావు. కరెంటు గోల వల్ల కూడా వస్తాయి, రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. విడదీయడం తేలికే. మొదట లంగరు వేసి మోటారు ఆపి చూడాలి. అప్పటికే చుక్కలుంటే బ్యాటరీ వైరింగులోనో, వేరే పరికరంలోనో, దగ్గర్లో అదే ఫ్రీక్వెన్సీతో నడుస్తున్న పక్క పడవ సౌండర్‌లోనో కారణముంది. తర్వాత మోటారు స్టార్ట్ చేసి, గేరు వేయకుండా కొంచెం రేజ్ చేయాలి. రేజ్ చేసే కొద్దీ చుక్కలు పెరిగితే మోటారు కరెంటు గోల. పడవ కదలలేదు కాబట్టి నురగ ప్రశ్నే లేదు. ఈ రెండింటిలో తెర శుభ్రంగా ఉండి, పడవ పరుగెత్తినప్పుడే చెదిరితే అప్పుడు తప్పు ట్రాన్స్‌డ్యూసర్ చోటుది. ఈ వరస పాటించకుండా ట్రాన్స్‌డ్యూసర్‌ను పదిసార్లు జరిపినా కరెంటు గోల పోదు.

కరెంటు గోలకు మందు కేబుల్ దారిలో ఉంది. ట్రాన్స్‌డ్యూసర్ కేబుల్‌ను మోటారు వైర్లతోనూ వీహెచ్‌ఎఫ్ రేడియో కేబుల్‌తోనూ కలిపి ఒకే కట్టగా కట్టకూడదు. సౌండర్‌కు బ్యాటరీ నుంచి నేరుగా, ఫ్యూజు పెట్టిన విడి లైను ఇవ్వాలి. కేబుల్ పొడుగైందని కత్తిరించి అతికితే, లోపల తిరిగి వచ్చే అతి బలహీనమైన సంకేతం ఆ అతుకు దగ్గరే పాడవుతుంది. మిగిలిన పొడుగును వదులుగా ఒక మూల సర్దుకోవడమే మంచిది. పలక దాటించే రంధ్రం నీటిమట్టానికి బాగా పైన ఉండాలి. లోపలికి వెళ్లే ముందు కేబుల్ కిందికి వంగి పైకి వచ్చేలా వదిలితే జారే నీటిచుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

ఇక డ్రిల్లు పని. ఫైబర్ పడవ పలకను బయట నుంచి చూస్తే రాయిలా ఉంటుంది కానీ, చాలావాటిలో రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. మోటారు బరువు మోసేది అదే. మర పక్క నుంచి ఉప్పునీరు చెమ్మలా లోపలికి దిగితే ఆ ప్లైవుడ్ ఏళ్ల తరబడి లోలోపలే కుళ్లుతుంది. బయటికి ఏమీ కనిపించదు. ఒకనాడు మోటారు బోల్టులు వదులవుతాయి. అయిదు మిల్లీమీటర్ల రంధ్రం నుంచి మొదలయ్యే నష్టం ఇది. అందుకే ఇక్కడ తొందరపాటు క్షమించరానిది.

గుర్తు పెట్టిన చోట ముందు మాస్కింగ్ టేపు అంటించాలి. సన్నని బిట్టుతో, ఒత్తకుండా, యంత్రం బరువు మీదే దిగనివ్వాలి. పై మెరుపు పొర దాటేవరకు కొందరు డ్రిల్లును వెనక్కి తిప్పుతారు, అలా చేస్తే పొర పగలకుండా గీసుకుపోతుంది. రంధ్రం నోటిని కౌంటర్‌సింక్ బిట్టుతో కొద్దిగా గిన్నెలా చెక్కాలి. అది చేయకపోతే మర బిగిసేటప్పుడు నోటి చుట్టూ సాలెగూడులా పగుళ్లు వస్తాయి. మర పొడవు పలక మందం కన్నా తక్కువ ఉండాలి. ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముక్కుకు మాస్కు తప్పదు. ఆపైన రంధ్రం లోపలికీ, మర పొడవునా, బ్రాకెట్ వెనుకా నీటిమట్టం కింద వాడదగిన మెరైన్ సీలెంట్ పట్టించాలి. బాత్‌రూమ్ అంచులకు వాడే మామూలు సిలికాన్ ఈ పనికి చాలదు. మరలు స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి. ఇనుప మర ఉప్పునీటిలో ఎన్నాళ్లుంటుందో ఏ రేవులోనైనా కనిపిస్తుంది.

ఇంతకన్నా తెలివైన దారి కూడా ఉంది. దళసరి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పలకను ముందుగా ట్రాన్సమ్‌కు ఒకేసారి, గట్టిగా, సీలెంట్‌తో బిగించేసి, ట్రాన్స్‌డ్యూసర్ బ్రాకెట్‌ను ఆ ప్లాస్టిక్ పలకకు బిగించడం. రేపు చోటు మార్చాలన్నా, వేరే రకం కొన్నా కొత్త రంధ్రాలు పడేది ప్లాస్టిక్‌కే. అసలు పలక జోలికి పోనక్కర్లేదు. ఖర్చు స్వల్పం. రంధ్రం అసలే వద్దనుకునేవారు ట్రాన్స్‌డ్యూసర్‌ను పడవ లోపల, అడుగుకు ఎపాక్సీతో అంటించి ఫైబర్ గుండా శబ్దం పంపుతారు. అడుగు ఏకమందంగా ఫైబరే అయితే ఇది పని చేస్తుంది, కొంత బలం తగ్గుతుంది. మధ్యలో చెక్క గానీ ఫోమ్ గానీ ఉంటే పని చేయదు.

మన తీరంలో చాలా ఊళ్లలో జెట్టీ ఉండదు. ఫైబర్ బోటును కెరటాల మీదుగా తెచ్చి ఇసుక మీదకే ఎక్కిస్తారు, మనుషులు భుజం పట్టో ట్రాక్టరుతోనో లాగుతారు. ఒడ్డుకు వచ్చేటప్పుడు మోటారును పైకి ఎత్తేస్తారు. ట్రాన్స్‌డ్యూసర్‌ను ఎవరూ ఎత్తరు. అడుగు గీత కన్నా కిందికి ఉన్న ముక్క మొదట ఇసుకకు ఆనేది, రోజూ రెండుసార్లు గీసుకునేది. జెట్టీలకూ ట్రైలర్లకూ అలవాటుపడిన దేశాల్లో రాసిన కాగితాలు ఈ సంగతి చెప్పవు. ఇలాంటి చోట్ల దెబ్బ తగిలితే వెనక్కి విడిపోయే బ్రాకెట్ ఒక్కటే చాలదు. పడవను వెనక్కి తోసేటప్పుడు దెబ్బ అవతలి దిక్కు నుంచి తగులుతుంది. చేత్తో పైకి మడిచి పిన్ను పెట్టగలిగే బ్రాకెట్టో, మొత్తంగా తీసి పక్కన పెట్టుకోగలిగే కర్ర బిగింపో మేలు. మోటారు ఎత్తే మనిషే దాన్నీ ఎత్తాలి, రెండూ ఒకే అలవాటుగా మారాలి. ఎత్తే ముందు సౌండర్ ఆపేయాలి, నీటి బయట దాన్ని నడపకపోవడమే మంచిది.

సరిగ్గా కుదిరిన ట్రాన్స్‌డ్యూసర్ ఇచ్చే అంకెతో ఏం చేయాలో కూడా తెలియాలి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం) చేపలు దొరకగల ప్రాంతాల సూచనలు తీరంలోని మత్స్యకారులకు తెలుగులోనూ అందిస్తోంది. ఒక రేవు నుంచి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్లలో, ఎంత లోతున అన్నది అందులో ఉంటుంది. దిక్కూ దూరం జీపీఎస్ చూసుకుంటుంది. లోతు సరిచూసుకోవాల్సింది సౌండరే. పరుగులో గీత తెగిపోయే సౌండర్ ఉంటే ప్రతి మైలుకూ ఆగి చూసుకోవాలి. ఆగిన ప్రతిసారీ మళ్లీ పరుగు అందుకోవడానికి పెట్రోలు ఖర్చు.

మొగ దాటేటప్పుడు ఆ అంకె విలువ ఇంకా పెరుగుతుంది. అంతర్వేది దగ్గర వశిష్ట గోదావరి కడలిలో కలిసే చోటు లాంటి మొగల్లో ఇసుక మేటలు ఉన్నచోట ఉండవు. నిన్న దాటిన దారి ఇవాళ ఉంటుందన్న భరోసా లేదు. అక్కడ అర మీటరు తేడా కూడా తేడానే. సౌండర్ కొలిచేది తన ముఖం నుంచి నేలకు. నీటి ఉపరితలం నుంచి కాదు, మోటారు కింది కొన నుంచీ కాదు. ట్రాన్స్‌డ్యూసర్ నీటిలో 30 సెంటీమీటర్లు మునిగి ఉంటే అసలు లోతు తెర చూపేదానికి 30 సెంటీమీటర్లు ఎక్కువ. ప్రొపెల్లర్ దానికన్నా 40 సెంటీమీటర్లు కిందికి వేలాడుతుంటే మోటారు కింద మిగిలే నీరు తెర చూపేదానికి 40 తక్కువ. సెట్టింగుల్లో దీన్ని ఆఫ్‌సెట్ అంటారు. దాన్ని సున్నా వద్ద వదిలేయడం మామూలు. పడవ నడిపేవారికి ఏ లెక్క కావాలో ఒకసారి తేల్చుకుని పెట్టుకుంటే, మొగలో మనసులో కూడికలు తీసివేతలు చేసే అవసరం ఉండదు.

శబ్ద వేగం తేడా కూడా కొంత ఉంటుంది. 28 డిగ్రీల వెచ్చని బంగాళాఖాతం నీటిలో అది సెకనుకు దాదాపు 1,540 మీటర్లు, అదే వెచ్చదనంలో గోదావరి మంచినీటిలో సుమారు 1,505. యంత్రం 1,500 అనుకుని లెక్క కడితే సముద్రంలో 30 మీటర్ల నేలను 29.2 అని చూపిస్తుంది. లోతు తక్కువ చూపడం నేల తగలకుండా చూసుకునే వైపు తప్పు కాబట్టి ఇది అంత ప్రమాదం కాదు.

నీటిలోనే ఉండిపోయే పడవలో ట్రాన్స్‌డ్యూసర్ ముఖానికి పాచి, గుల్లలు పట్టడం మొదలవుతుంది. పాచి పొరలో చిక్కిన గాలి కూడా గాలే. మెత్తటి గుడ్డతో, సబ్బునీటితో తుడిస్తే చాలు. కత్తితో గీకితే ముఖం మీద గాట్లు పడి ఆ గాట్లలోనే మళ్లీ సుడులు పుడతాయి. గుల్లలు పట్టకుండా రంగు వేయాలంటే నీటి ఆధారిత యాంటీఫౌలింగ్ రంగే వాడాలి. ఘాటైన ద్రావకాలున్న రంగులు ప్లాస్టిక్‌ను తినేస్తాయి.

అన్నీ అయ్యాక ఒక సరిచూపు మిగిలి ఉంటుంది, దానికి పాత పనిముట్టే కావాలి. ఎకో సౌండర్లు రాకముందు లోతును తాడుకు సీసపు గుండు కట్టి, నేల తగిలేదాకా వదిలి, పైకి లాగుతూ బారల్లో లెక్కపెట్టేవారు. బార అంటే చాచిన రెండు చేతుల కొలత, సుమారు ఆరు అడుగులు. గాలి లేని ఉదయం, పోటూ పాటూ కాని నిలకడ నీటిలో, గట్టి ఇసుక నేల ఉన్న చోట లంగరు వేసి, ట్రాన్స్‌డ్యూసర్ పక్కనే ఆ తాడు వదలాలి. తడిసిన చోట ముడి వేసి గట్టున టేపుతో కొలవాలి. తెర చూపిన అంకెకు మునిగిన 30 సెంటీమీటర్లు కలిపితే తాడు కొలతతో కలవాలి. కలవకపోతే మొదట ఆఫ్‌సెట్ చూడాలి, తర్వాత వాలు, ఆ తర్వాత మళ్లీ స్టీలు స్కేలు తీసి అడుగు కింద ఆ మూడు మిల్లీమీటర్లు.